బొంతపల్లి బస్సూ, హిమాలయాల మంచూ

హైదరాబాదు నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ పోయే రోడ్డు పక్కన, సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల ప్రాంతంలో బొంతపల్లి అనే ఊరున్నది. పాతకాలం వాళ్ళకు అది వీరభద్రస్వామి ఊరు. భద్రకాళీ సమేతుడైన స్వామి దర్శనానికి చుట్టుపక్కల పల్లెల నుంచే గాక పట్నం నుంచి కూడా జనం కుటుంబాలతో తరలివస్తుంటారు. ఈ కాలం వాళ్ళకు అది మందుల ఊరు. మనం జ్వరం వస్తే మింగే మాత్రలకు కావలసిన ముడిమందులు తయారుచేసే కర్మాగారాలు ఈ చుట్టుపక్కల వెలిశాయి. గుడి గంట ఒకవైపు, షిఫ్టు సైరను ఒకవైపు. రెంటికీ అలవాటుపడిన ఊరు అది.

వైశాఖమాసపు ఎండలో ఈ ఊరి నల్లరాతి గుట్టల మీద కాలు పెడితే చురుక్కుమంటుంది. అటువంటి చోట నిలబడి హిమాలయాల మంచు గురించి మాట్లాడితే వినేవాడు మనకు ఎండదెబ్బ తగిలిందేమో అనుకుంటాడు. కాని సంగతి విచిత్రంగా ఉన్నది చూడండి. బొంతపల్లి నుంచి పట్నం పోయే ఈ రోడ్డు కొసన, బాలానగరులో, హిమాలయాల మీద ఎక్కడ ఎంత మంచు ఉన్నదో, ఏ కొండ సందులో ఎంత నీరు నిలిచిందో లెక్కలు కట్టే కార్యాలయం ఒకటున్నది. మనదేశంలో మంచునదుల శాస్త్రం ఎదిగిన తీరు తెలుసుకోవాలంటే గంగోత్రి దాకా పోనక్కరలేదు. ఈ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే సగం కథ తెలుస్తుంది.

బస్సు బయలుదేరింది. పొలాలూ, గోడలు కట్టి అమ్మకానికి పెట్టిన ప్లాట్లూ దాటితే దుండిగల్. ఇక్కడ వైమానిక దళం వారి అకాడమీ ఉన్నది. అక్కడి నుంచి గండిమైసమ్మ చౌరస్తా. అమ్మవారికి బస్సులోంచే దండం పెట్టేవాళ్ళు చాలామంది. ఆపైన సూరారం, జీడిమెట్ల. ఇక పొగగొట్టాలూ, లారీలూ, రేకుల షెడ్లూ తప్ప మరొకటి కనపడదు. ఇంకా ముందుకు పోతే ఐ.డి.పి.ఎల్. వస్తుంది. సోవియట్ రష్యా సహాయంతో ప్రభుత్వం పెట్టిన మందుల కర్మాగారం అది. అక్కడ ఉత్పత్తి ఆగిపోయి చాలాకాలమైంది. కాని దాని పేరు మాత్రం బస్‌స్టాపుకు మిగిలింది. పేరొక్కటే కాదు, విద్య కూడా మిగిలింది. అక్కడ పని నేర్చినవారే తరువాత సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ కల్లం అంజిరెడ్డిగారు వారిలో ఒకరు. బొల్లారం నుంచి బొంతపల్లి దాకా ఈ మందుల వ్యాపారం పాకడానికి ఐ.డి.పి.ఎల్. లో నేర్చిన విద్య పెద్ద ఆధారం. చెట్టు ఎండినా విత్తనాలు దూరంగా పడి మొలకెత్తడం అంటే ఇదే.

ఇక మన మంచు కార్యాలయం. 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ అనే పేరుతో మొదలైన ఈ సంస్థ 2008 నుంచి ఇస్రోలో భాగమై జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అయింది. ఉపగ్రహాలు ఆకాశం నుంచి పంపే చిత్రాలను షాద్‌నగర్‌లోని పళ్ళేల వంటి పెద్ద పెద్ద ఆంటెన్నాలు అందుకుంటాయి. 1982 నుంచి 1996 దాకా ఈ సంస్థకు డైరెక్టరుగా ఉన్నవారు మన తెలుగువారు, డాక్టర్ బులుసు లక్ష్మణ దీక్షితులుగారు. ఆయన హయాంలోనే, 1988 మార్చి 17న, ప్రయోగదశ దాటి పూర్తిస్థాయిలో పనిచేసిన మన మొదటి రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్. 1-ఏ ఆకాశానికెక్కింది. అంతకు ముందు అమెరికా వారి ఉపగ్రహ చిత్రాల మీద ఆధారపడిన మనవాళ్ళకు సొంత కన్ను ఒకటి ఏర్పడింది. ఏ పంట ఎంత వేశారు, ఏ అడవి ఎంత తరిగింది అన్నవాటితో పాటు, మంచు ఎంత ఉన్నదన్న ప్రశ్నను కూడా ఆ కన్ను ముందు పెట్టవచ్చునని కొందరికి తోచింది.

వారిలో ముఖ్యుడు అనిల్ కులకర్ణిగారు. అహమ్మదాబాదులోని ఇస్రో వారి స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో చాలాకాలం పనిచేసి, తరువాత బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చిన శాస్త్రజ్ఞుడు. ఆయన చేసిన పని అర్థం కావాలంటే మంచునది అంటే ఏమిటో తెలియాలి. శాస్త్రజ్ఞులు దానిని హిమానీనదం అంటారు. ఏళ్ళ తరబడి కురిసిన మంచు ఒకదానిమీద ఒకటి పేరుకుని, బరువుకు గట్టిపడి, తన భారంతో తానే లోయలోకి మెల్లగా జారుతుంది. అది ఏరులా పరుగెత్తదు. ముసలి ఎద్దులా నడుస్తుంది. పైభాగంలో ఏటేటా కొత్త మంచు చేరుతుంది. అది జమ. కింది భాగంలో ఎండకు కరుగుతుంది. అది ఖర్చు. ఇంటి ఇల్లాలికి ఇంతకంటె వివరంగా చెప్పనక్కరలేదు. జమ ఎక్కువైతే మంచునది పెరుగుతుంది, ఖర్చు ఎక్కువైతే తరుగుతుంది.

ఈ పద్దు చూడాలంటే పూర్వం ఒకటే మార్గం. పదిహేనువేల అడుగుల ఎత్తుకు ఎక్కి, మంచులో కర్రలు పాతి, మరుసటి ఏడు మళ్ళీ వచ్చి ఆ కర్ర ఎంత బయటపడిందో కొలుచుకోవాలి. వేలకొద్దీ ఉన్న హిమాలయపు మంచునదులలో ఇట్లా కొలవగలిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. కులకర్ణిగారు వేరే దారి తీశారు. వేసవి చివర ఉపగ్రహచిత్రంలో చూస్తే, మంచునది మీద తెల్లని కొత్త మంచుకూ, కింద బయటపడిన పాత గడ్డకూ మధ్య ఒక గీత కనపడుతుంది. గీతకు పైనున్నది జమ భాగం, కిందనున్నది ఖర్చు భాగం. మొత్తం విస్తీర్ణంలో జమ భాగం ఎంత అన్నది తెలిస్తే, ఆ ఏడు మంచునదికి లాభమో నష్టమో చెప్పవచ్చును. పడమటి హిమాలయాలలో ఈ భాగం నూటికి 44 వంతుల దగ్గర ఉంటే జమాఖర్చులు సరిపోతాయని 1992లో అంతర్జాతీయ పత్రికలో ఆయన ప్రకటించారు. కొండ ఎక్కకుండానే కొండ పద్దు చూసే ఉపాయం అది. తరువాత ఈ పనిలో దిగిన వారెందరో ఆ లెక్కను ఆధారం చేసుకున్నారు.

ఇట్లా పత్రాలు ఒకటి తరువాత ఒకటి వచ్చాయి. హిమాచల్‌లోని పార్బతి మంచునది 1990కీ 2001కీ మధ్య 578 మీటర్లు వెనక్కి పోయిందని 2005లో చెప్పారు. అంటే ఏటా ఇంచుమించు 52 మీటర్లు. 2007లో ఆయనా, సహచరులూ కలసి చీనాబ్, పార్బతి, బాస్పా లోయలలోని 466 మంచునదులను 1962 నాటి పటాలతో పోల్చి చూశారు. 2077 చదరపు కిలోమీటర్లున్న మంచు 1628కి తగ్గింది. నూటికి 21 వంతుల తరుగు. విచిత్రమేమిటంటే విస్తీర్ణం తగ్గినా మంచునదుల సంఖ్య పెరిగింది. ఉమ్మడి కుటుంబం వేరుపడితే పొయ్యిల సంఖ్య పెరిగినట్లు, పెద్ద మంచునదులు చీలి చిన్నచిన్న ముక్కలయ్యాయి. ముక్క చిన్నదైన కొద్దీ కరగడం వేగమవుతుంది.

అయితే శాస్త్రంలో ఒకరి మాట వేదం కాదు. ఆ రోజులలోనే మంచునదుల మీద పెద్ద రగడ చెలరేగింది. వాతావరణ మార్పుల మీద ప్రపంచ శాస్త్రజ్ఞుల సంఘం 2007లో ఇచ్చిన నివేదికలో, 2035 నాటికి హిమాలయాల మంచునదులు మాయమయ్యే అవకాశం ఉన్నదని ఒక వాక్యం దొర్లింది. భూగర్భ సర్వే శాఖలో ఏళ్ళ తరబడి మంచు మీద నడిచిన వి.కె. రైనాగారు 2009లో ప్రకటించిన చర్చాపత్రంలో మంచునదుల వెనుకంజ అంత అసాధారణమేమీ కాదన్నారు. చివరకు 2010 జనవరిలో ఆ సంఘమే 2035 వాక్యానికి ఆధారం లేదని ఒప్పుకున్నది. 2014లో అహమ్మదాబాదు కేంద్రపు శాస్త్రజ్ఞులే, అంటే కులకర్ణిగారి పాత సహచరులే, మరొక లెక్క తీశారు. 2018 మంచునదులను పదేళ్ళ ఎడంతో చూస్తే 1752 నిలకడగా ఉన్నాయనీ, 248 వెనక్కి పోయాయనీ, 18 ముందుకు వచ్చాయనీ తేల్చారు.

ఇదేమిటి, ఒకరు తరిగిందంటారు, మరొకరు నిలిచిందంటారు అని పాఠకులకు అనుమానం రావచ్చును. రెండూ ఒకే కొలతలు కావు. ఒకటి నాలుగు దశాబ్దాల లెక్క, రెండవది ఒక్క దశాబ్దపు లెక్క. పైగా 1962 నాటి పటాలలో అప్పుడే కురిసిన మంచును కూడా మంచునదిగా గీసి ఉండవచ్చునని తరువాతి వారు ఎత్తిచూపారు. ఇట్లా ఒకరి కొలతను ఒకరు తూచుకుంటూ పోతేనే నిజం తేలుతుంది. 2023లో ఖాట్మండులోని పర్వతాధ్యయన సంస్థ ప్రకటించిన నివేదిక ప్రకారం, హిందూకుష్ హిమాలయాల మంచునదులు 2011–2020 మధ్య, అంతకు ముందరి దశాబ్దం కంటె నూటికి 65 వంతులు ఎక్కువ వేగంతో తరిగాయి. 2035 అన్నమాట తప్పు. తరుగుతున్నాయన్నమాట తప్పు కాదు.

బస్సులో నా చేతిలోని హిమాలయ పటం చూసి పక్క సీటులోని పెద్దాయన ఒకాయన, “గిదేం పటం సారూ, ప్లాట్లదా?” అని అడిగాడు. ఈ రోడ్డు మీద పటమంటే ప్లాట్ల పటమే మరి. కాదు పెద్దయ్యా, మంచుకొండల మీద చెరువుల పటం అని చెప్పాను. ఆయన కాసేపు దానిని తేరిపార చూసి, “మా ఊరి చెర్వు నిండితె మేం కండ్లతోని జూస్తం. కట్ట తెగేటట్టుంటె డప్పు గొట్టి చెప్తం. గంత గుట్ట మీద నిండితె ఎవలు జూస్తరు? ఎవలు డప్పు గొడ్తరు?” అన్నాడు. మంచునదుల శాస్త్రం మీద ఎన్ని గ్రంథాలు చదివినా ఇంతకంటె సూటియైన ప్రశ్న నాకు కనపడలేదు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు బాలానగరులో ఉన్నది. మంచునది కరిగి వెనక్కి పోయినచోట గుంట మిగులుతుంది. అది కొట్టుకొచ్చిన రాళ్ళూ మట్టీ గట్టులా నిలబడతాయి. గుంటలో కరిగిన నీరు చేరి సరస్సవుతుంది. ఆ గట్టు ఏ ఇంజనీరూ కట్టినది కాదు, దానికి తూములూ, అలుగులూ లేవు. సింధు, గంగ, బ్రహ్మపుత్ర లోయలలో కాలు హెక్టారు కంటె పెద్దవైన ఇటువంటి సరస్సులు 28,043 అని బాలానగరు వారు ఉపగ్రహచిత్రాల నుంచి ఒకటొకటిగా ఏరి పటాలు వేశారు. 10 హెక్టార్లకు మించిన 2431 సరస్సులలో 676 సరస్సులు 1984 నుంచి బాగా పెరిగాయనీ, వాటిలో 130 మనదేశంలో ఉన్నాయనీ 2024 ఏప్రిల్‌లో ఇస్రో ప్రకటించింది. హిమాచల్‌లోని ఘేపన్ ఘాట్ సరస్సు ఒక్కటే 1989లో 36.49 హెక్టార్లుండి 2022 నాటికి 101.30 హెక్టార్లయింది.

వాటిలో ఒక సరస్సు కథ చెప్పాలి. సిక్కింలో, 5200 మీటర్ల ఎత్తున, దక్షిణ లోనాక్ అనే సరస్సున్నది. 2013లో బాలానగరు శాస్త్రజ్ఞులు ముగ్గురు, అది తెగే అవకాశం నూటికి 42 పాళ్ళున్నదని లెక్కకట్టి బెంగుళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆ పత్రం ఊరకే పోలేదు. 2016లో సిక్కిం ప్రభుత్వం వారు సరస్సులోకి పెద్ద ప్లాస్టిక్ గొట్టాలు దింపి నీటిని కొంత తోడించారు. ఆ ముగ్గురిలో ఒకరు తరువాత కులకర్ణిగారితో కలసి సిక్కిం సరస్సుల లోతులు అంచనా కట్టారు. 2021లో కులకర్ణిగారు సభ్యులుగా ఉన్న మరొక బృందం, ఇదే సరస్సు తెగితే వరద ఏ దారిన పోతుందో గీసి చూపింది. ఒకరు పెట్టిన దీపంతో మరొకరు దీపం వెలిగించినట్లు, పరిశోధన పట్నం నుంచి పట్నానికి నడిచింది.

2023 అక్టోబరు 3 అర్ధరాత్రి వేళ సరస్సు పక్కన గడ్డకట్టి ఉన్న పెద్ద మట్టిదిబ్బ విరిగి నీటిలో పడింది. లేచిన అల గట్టును తెంచింది. చుంగ్‌తాంగ్ వద్ద 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రపు ఆనకట్ట కొట్టుకుపోయింది. తీస్తా లోయలో 50 మందికి పైగా మరణించారు, ఇంకెందరో జాడ లేకపోయారు. మరునాడు బాలానగరు నుంచి వెలువడిన చిత్రాలలో సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లున్న సరస్సు 60.3 హెక్టార్లుగా మిగిలింది. పదేళ్ళ ముందు చెప్పిన మాట నిజమైంది. అటువంటి నిజం కావడాన్ని ఏ శాస్త్రజ్ఞుడూ కోరుకోడు. పెద్దాయన రెండవ ప్రశ్న మిగిలే ఉన్నది. చూసినవారున్నారు. ఆ రాత్రి లోయలో నిద్రపోతున్నవారి చెవిన పడేటట్లు డప్పు కొట్టినవారు లేరు.

ఆ కొండలకూ మనకూ ఏమి సంబంధమని తీసిపారేయడానికి వీలులేదు. మన గోదావరికీ, కృష్ణకూ, మంజీరకూ మంచు చుట్టరికం లేదు. వాటికి వానే తల్లి. కాని ఈ కర్మాగారాలలో పనిచేసే కూలీలలో బీహారు నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారి ఊళ్ళను తడిపేదీ, ముంచేదీ హిమాలయాల నుంచి దిగివచ్చే కోసీ, గండకీ నదులే. షిఫ్టు దిగి ఇంటికి ఫోను చేసే కుర్రవాడికి నది ఎంత ఎత్తున ఉన్నదన్నది కాలక్షేపపు కబురు కాదు.

ఆ మాటకు వస్తే మన నేల కూడా ఒకప్పుడు మంచుకు చుట్టమే. ఆదిలాబాదు అంచున పారే పెన్‌గంగ ఒడ్డున, మహారాష్ట్ర వైపు చంద్రపూర్ సమీపంలోని ఇరాయ్ వద్ద, సున్నపురాతి మీద గీతలు గీసి నునుపు చేసినట్లున్న ఒక బండను 1870లలో భూగర్భ సర్వే శాఖ వారు గుర్తించారు. ఫెడ్డెన్ అనే ఆయన 1875లో దానిమీద రాశాడు. కదిలే మంచుగడ్డ అడుగున ఇరుక్కున్న రాళ్ళు గీసిన గీతలవి. దాదాపు 30 కోట్ల సంవత్సరాల నాటి మాట. సింగరేణి బొగ్గు పొరల కింద ఉండేవి ఆనాటి మంచు వదలిపోయిన రాళ్ళే. ఇటువంటి గుర్తులే ఆఫ్రికాలోనూ, దక్షిణ అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ దొరికాయి. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని జర్మనీకి చెందిన వెగెనర్ వాదించినప్పుడు అవి ఆయనకు గట్టి సాక్ష్యమిచ్చాయి. నదీతీరపు రాతిమీద గీత ఒకటి ప్రపంచపటాన్నే తిరగరాయించడంలో చేయి వేసింది.

కొలత విలువ తెలుసుకోవడానికి బొంతపల్లి వారు అంత దూరం పోనక్కరలేదు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు వద్ద, సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని తేలింది. ఆ పత్రం వెలువడిన తరువాతనే మందుల కర్మాగారాల నీటిలో మందులు కలిసే ముప్పు మీద ప్రపంచమంతటా శాస్త్రజ్ఞుల దృష్టి పడింది. ఇక్కడి రైతులు తమ బావుల నీరు చెడిందని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. కొలిచి అంకె వేసేదాకా ఆ మాట దూరం పోలేదు. మంచైనా, బావి నీరైనా ధర్మం ఒకటే.

బాలానగరులో బస్సు దిగితే ఆ కార్యాలయపు ప్రహరీగోడ, గేటూ, కాపలావారూ తప్ప దారిన పోయేవారికి కనపడేదేమీ లేదు. ఎదుట ట్రాఫిక్కు మోత. లోపల ఎవరో ఒకరు తెరమీద ఒక నీలిచుక్క వైపు చూస్తూ, కిందటేటికంటె ఎంత పెరిగిందో గీస్తుంటారు. ఆ గీతకు జీతమిచ్చేది మనమే. ఆ గీత లోయలోని గడపదాకా పోయి తలుపు తట్టే ఏర్పాటు చేయించుకోవలసినదీ మనమే. శాస్త్రజ్ఞుడు చూడగలడు, లెక్క కట్టగలడు, పత్రికలో రాయగలడు. డప్పు మాత్రం ఊరివాడి చేతికి అందాలి.